పట్నంలో ఒక స్నేహితుడు

మన పాలమూరు పల్లెల నుండి హైదరాబాదు వెళ్ళే బస్సులో ఎవరినైనా అడిగి చూడండి, "పట్నం ఎందుకు పోతున్నారు?" అని. ఒకరు నిమ్సుకు, ఒకరు ఉస్మానియాకు, ఒక తల్లి పసిబిడ్డను ఒడిలో పెట్టుకొని నీలోఫరుకు. ఒకాయన చేతిసంచిలో హైకోర్టు కాగితాలుంటాయి. వెనుక సీటు కుర్రవాళ్ళు అడ్డా మీద కూలికి పోతుంటారు. పెండ్లి బట్టలకు పోయేవారు, కొడుకు ఫీజు కట్టడానికి పోయేవారు కూడా ఉంటారు. "స్నేహితులను చూసి రావడానికి పోతున్నాను" అనేవారు మాత్రం కనబడరు. అలా అంటే పక్క సీటువారు "గింత దూరం గందుకేనా?" అని నవ్వుతారు.

2024 జనవరిలో నేను గద్వాల నుండి బయలుదేరింది అందుకే. మా సంఘ పెద్దలలో ఒకాయన ముందురోజు సాయంత్రం వచ్చి అడిగారు: "అయ్యగారూ, పట్నంల ఏమన్న మీటింగా?"

"మీటింగు కాదు. బైబిలు కాలేజీల కలిసి సదువుకున్నోళ్ళం కలుస్తున్నం."

"అంతేనా? పానం బాగలేదేమో, దవాఖానకు పోతున్నరేమో అని భయపడితి" అని ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

ఆయన మాటలో ఎగతాళి లేదు. జబ్బు కోసం రెండు వందల కిలోమీటర్లు పోవచ్చు, వ్యాజ్యం కోసం పోవచ్చు, డబ్బు కోసం బొంబాయి దాకా పోవచ్చు, స్నేహం కోసం మాత్రం పోనక్కర లేదు అన్నది మన అందరి లెక్క. ఆ లెక్క సరియైనదేనా అన్న ప్రశ్నతోనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

శంషాబాదులోని మెన్నొనైట్ బ్రెదరన్ సెంటినరీ బైబిల్ కాలేజీలో నేను డిప్లొమా చదివినది 2001 నుండి 2004 వరకు. మా తరగతిలో పద్నాలుగురము. వారిలో నలుగురము పాలమూరు జిల్లావారము. ఇప్పుడు అది అయిదు జిల్లాలయింది గాని అప్పటికి ఒక్కటే. గద్వాల వైపు నుండి నేను, వనపర్తి నుండి ఒక అన్న, నాగర్‌కర్నూలు ప్రాంతము నుండి ఇద్దరు. ఆ ఇద్దరిలో చిన్నవాణ్ణి అందరము తమ్ముడనే పిలిచేవారము. ఇంటి నుండి ఎవరికి జొన్నరొట్టెల మూట వచ్చినా నలుగురికీ వచ్చినట్లే. రాత్రి చదువుకుంటుంటే రోడ్డు మీద లారీల చప్పుడు తప్ప వేరే శబ్దముండేది కాదు. శంషాబాదుకు విమానాశ్రయము వచ్చింది 2008లో. మేమున్నప్పుడు అది పట్నానికి అవతలనున్న ఒక ఊరు మాత్రమే.

చదువు ముగిసిన తరువాత ఎవరి సంఘమునకు వారు వెళ్ళిపోయాము. పల్లె సంఘ కాపరి బ్రతుకు మీకు తెలియనిది కాదు. ఆదివారము ఆరాధన, మధ్యలో ఇండ్ల ప్రార్థనలు, ఒక చావు, ఒక పెండ్లి, ఒక తగాదా. అందరి కష్టములు వినేవాడు తన కష్టము చెప్పుకొనుటకు ఊరిలో మనిషి దొరకడు. సంఘ పెద్దకు చెప్పితే ఆయన కలత పడతారు. భార్యకు చెప్పితే ఆమెకు నిద్ర పట్టదు. అందుకని మేము నలుగురము ఫోనులో ఒకరికొకరము చెప్పుకొనేవారము. చదువు ముగిసి ఇరవై ఏండ్లు నిండిన సంవత్సరములో మొత్తము తరగతి వారమంతా ఒకసారి కూడుకొందామని హైదరాబాదులో ఉన్న ఇద్దరు స్నేహితులు పిలిచారు. మెహిదీపట్నం దగ్గర ఒక సంఘము వారి హాలు అడిగి పెట్టారు. వస్తామన్నవారు తొమ్మిదిమంది.

మా తమ్ముడు మాత్రం రానన్నాడు.

అతని సంగతి కొంత చెప్పాలి. అతడు కాపరిగా ఉన్న ఊరిలో నలభై కుటుంబముల సంఘము. జీతమనేది పేరుకే. పంట వచ్చినప్పుడు వడ్లు, పల్లీలు ఇచ్చేవారు. మిగతా కాలమంతా స్త్రీలు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు తీసిపెట్టిన గుప్పెడు బియ్యమే ఆధారము. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చింది. ఆరాధనలు ఆగిపోయాయి. జూన్ 8న మందిరముల తలుపులు తెరువవచ్చునని ప్రభుత్వము చెప్పినా, కానుక వేసే చేతులలో ఏమీ లేదు. పట్నములలో పని పోయి తిరిగివచ్చిన కుటుంబములే ఆ ఊరినిండా. తనకు వచ్చే గుప్పెడు బియ్యమును అతడు వారికే పంచేవాడని మాకు తరువాత తెలిసింది. మరుసటి ఏడు అతని భార్యకు ఆపరేషను అయింది. అప్పు రెండు లక్షలు దాటింది. ఒక రాత్రి నాకు ఫోను చేసి, "అన్నా, పట్నం పోతున్నం. అత్తాపూరుల ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్ కావాలంట. గది ఇస్తరు" అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

మన ప్రాంతమునకు వలస క్రొత్త కాదు. 1955లో పునాది వేసి 1967లో నీళ్ళు వదిలిన నాగార్జునసాగర్ మొదలుకొని ఎన్నో ప్రాజెక్టుల దగ్గర పాలమూరు కూలీలు మట్టి మోశారు, రాళ్ళు మోశారు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి లారీ ఎక్కించుకుపోయిన రోజులు మన తల్లిదండ్రులు చూచినవే. ఇప్పుడు జూరాల కాలువలు, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళు కొన్ని ఊళ్ళకు వచ్చాయి, కొందరు తిరిగివచ్చారు. అయినా పట్నం బస్సులు ఖాళీగా పోవడము లేదు. కాని కాపరి వలసపోతే సంఘములో అది వేరే మాటగా మారుతుంది. "సేవ ఇడిసిపెట్టి పోయిండు" అంటారు. ఆ మాట అతని చెవికి కూడా చేరింది.

బయలుదేరే ముందురోజు రాత్రి మళ్ళీ ఫోను చేశాను. "అన్నా, మీరు కలుసుకోండ్రి. గేటు కాడ లేచి నిలబడి సలాం కొట్టేటోన్ని, మీ నడుమ ఏం ముఖం పెట్టుకొని కూసుంటా?" అన్నాడు. నేను ఏదో చెప్పబోయేలోగా ఎవరిదో కారు వచ్చినట్లుంది, ఫోను పెట్టేశాడు.

తెల్లవారుజామున గద్వాలలో బస్సెక్కాను. 2023 డిసెంబరు 9 నుండి ఆడవారికి ఆర్టీసీలో ఉచిత ప్రయాణము వచ్చింది గనుక బస్సు నిండా అక్కచెల్లెండ్రే. "టికెట్టు మీకే అయ్యగారూ, మాకు లేదు" అని ఒకామె నవ్వింది. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర పెద్ద రోడ్డు ఎక్కి, బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటుతుంటే అప్పుడే తెల్లవారుతోంది. పెబ్బేరులో దిగాను. శనివారము సంతనాడు పశువులతో, గొర్రెలతో కాలు పెట్ట సందులేని ఆ ఊరు ఆనాడు మంగళవారము కావడముచేత ప్రశాంతముగా ఉంది. వనపర్తి అన్న తన పాత మారుతి కారుతో అక్కడ నిలుచున్నారు. కారులో ఒక సంచి పల్లీలు, అన్న ఇంటివారు రాత్రంతా కూర్చుని కాల్చిన నలభై జొన్నరొట్టెలు, పల్లీల పొడి. కొత్తకోట మీదుగా భూత్పూరు చేరేసరికి నాగర్‌కర్నూలు స్నేహితుడు బిజినేపల్లి మీదుగా బస్సులో వచ్చి రోడ్డు పక్క నిలబడి ఉన్నాడు.

ఇది మామూలు రోడ్డు కాదు. శ్రీనగరు నుండి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి. మేము చదువుకొనే రోజులలో దీనిని 7వ నంబరు రోడ్డు అనేవారు. దాని మీద పోతూ మేము మాట్లాడుకొన్నది ఇంకా పాత దారుల సంగతి. రష్యా నుండి అబ్రహాము ఫ్రీజన్ దంపతులు 1889లో నల్లగొండకు, అమెరికా నుండి హీబర్ట్ దంపతులు 1899లో హైదరాబాదుకు వచ్చారు. వారి వెనుక వచ్చినవారు నాగర్‌కర్నూలు మొదలైన చోట్లకు ఎడ్లబండ్ల మీద పోయారు. ముఖమెరుగని మనుష్యుల కోసము సముద్రములు దాటి వచ్చినవారి సంఘములో పుట్టి, ఒక్క గదిలో మూడేండ్లు పడుకొన్న తమ్ముని చూడకుండా అతని గేటు ముందునుండి హాలుకు పోవడమెలా అన్నది మా మాట.

వనపర్తి అన్న కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "రానన్న మనిషి ఇంటి ముందు పోయి నిలబడితే సిగ్గుపడడా? మనం పోయింది వానికి బరువు కావొద్దు" అన్నారు. ఆ మాటలోనూ న్యాయముంది. ఎదుటివాని సిగ్గును గౌరవించడము కూడా ప్రేమే. జడ్చర్ల దాటేవరకు ఎవరమూ మాట్లాడలేదు. చివరకు నాగర్‌కర్నూలు స్నేహితుడు అన్నాడు: "అన్నా, వాడు నేను రానన్నడు గని, మీరు రావద్దనలేదు గదా."

నాకప్పుడు ఒనేసిఫోరు జ్ఞాపకము వచ్చాడు. తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయములో పౌలు అతని పేరు వ్రాశాడు. రోమా ఆనాటి లోకమంతటిలో పెద్ద పట్నము. పౌలు అందులో ఎక్కడో సంకెళ్ళలో ఉన్నాడు. ఖైదీ స్నేహితుడని చెప్పుకోవడము ఎవరికైనా సిగ్గే, ప్రమాదము కూడా. ఒనేసిఫోరు ఆ సంకెళ్ళను చూచి సిగ్గుపడలేదని, పట్నమంతా శ్రద్ధగా వెదకి తనను కనుగొన్నాడని పౌలు కృతజ్ఞతతో వ్రాశాడు. అతడు అక్కడ గొప్ప ప్రసంగము చేసినట్లు లేదు. వెదికాడు, కనుగొన్నాడు, ఆదరించాడు. అంతమాత్రానికే అతని ఇంటివారందరి కోసము ఒక ప్రార్థన పరిశుద్ధ గ్రంథములో నిలిచిపోయింది. ఎదుటివాడు తన సంకెళ్ళను చూచి సిగ్గుపడుతుంటే, వెళ్ళిన మనము సిగ్గుపడడము లేదని అతనికి ఎలా తెలుస్తుంది? వెళ్ళితేనే తెలుస్తుంది.

ఆరాంఘర్ దగ్గరకు వచ్చేసరికి పైన ఎక్స్‌ప్రెస్‌వే, క్రింద ఇరుకు రోడ్డు. పి.వి. నరసింహారావు గారి పేరిట 2009లో తెరచిన ఆ వంతెన పదకొండు కిలోమీటర్లకు పైగా మెహిదీపట్నం వరకు పోతుంది. దాని స్తంభములకు నంబర్లు ఉంటాయి. ఆ ప్రాంతములో వీధి పేరు ఎవరూ చెప్పరు, "ఫలానా పిల్లరు దగ్గర దిగండి" అంటారు. తమ్ముడు ఎప్పుడో ఒకసారి మాటల్లో చెప్పిన పిల్లరు నంబరు పట్టుకొని మేము క్రింది రోడ్డున వెదుకుతూ పోయాము. రెండుసార్లు దారి తప్పాము. ఒక మెడికల్ షాపువారు, ఒక ఆటో అతను దారి చెప్పారు. చివరకు ఒక సందులో అయిదంతస్తుల భవనము, దాని పక్కన ఇంకా కడుతూ ఉన్న మరొకటి. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో నీలిచొక్కా మనిషి.

కారు చూచి అలవాటుగా లేచి గేటు తీయబోయాడు. మమ్మల్ని చూచి చేయి గేటు మీదనే ఆగిపోయింది. వనపర్తి అన్న కారు దిగి, "తమ్మీ, రొట్టెలు సల్లారిపోతున్నయి, లోపలికి రానిస్తవా లేదా?" అన్నారు. అతడు నవ్వబోయి ఏడ్చాడు. చెల్లెమ్మ సెల్లారు గదిలోనుండి పరుగెత్తుకొని వచ్చింది.

అతనికి గేటు విడిచి రావడానికి వీలులేదు. హాలులో ఉన్నవారికి ఫోను చేశాము. మధ్యాహ్నమయ్యేసరికి మిగిలిన ఆరుగురు వండించిన అన్నము, కూర గిన్నెలతో సహా వచ్చేశారు. పై అంతస్తులో ఉండే ఒక పెద్దాయన దిగివచ్చి సంగతి విని, తన కారు బయట పెట్టించి చోటు చేసి, నాలుగు కుర్చీలు పంపించారు. సెల్లారులో టార్పాలిన్ పరచుకొని పదిమందిమి భోజనము చేశాము. ఎవరైనా హారను కొడితే తమ్ముడు లేచి వెళ్ళి గేటు తీసి వచ్చేవాడు. రెండుసార్లు వనపర్తి అన్న అతన్ని కూర్చోబెట్టి తానే వెళ్ళి తీశారు.

భోజనమైన తరువాత అతడు గేటు దగ్గరి రిజిష్టరు తెచ్చాడు. వచ్చిపోయేవారి పేర్లు వ్రాసే పుస్తకము. దాని వెనుక పేజీలలో వేరే పేర్లున్నాయి. పక్కన కట్టే భవనములో పనిచేసే కూలీలవి. పేరు, ఊరు, మండలము, ఇంటివద్ద ఎవరికి ఫోను చేయాలో ఆ నంబరు. అచ్చంపేట, కొల్లాపూరు, ఆత్మకూరు, గట్టు. మూడేండ్లలో నూరుకు పైగా పేర్లు. ఒకసారి పై నుండి పడి ఒక కుర్రవాని కాలు విరిగితే, అతనిది ఏ ఊరో తోటివారికే సరిగా తెలియలేదట. ఆ రాత్రి నుండి ఈ పుస్తకము వ్రాస్తున్నాడు. బ్యాంకు కాగితాలు నింపి పెడతాడు. ఆసుపత్రికి వెంట పోతాడు. ఆదివారము సాయంత్రము పనివారు వచ్చి ఇసుక కుప్ప మీద కూర్చుంటే ఒక అధ్యాయము చదివి ప్రార్థన చేస్తాడు.

"మరి సేవ ఇడిసిపెట్టినా అంటవేంది?" అని అడిగాను.

"దీన్ని సేవ అనరు గదన్నా. దీనికి చర్చి లేదు, కానుక లేదు" అన్నాడు.

నేను వాదించలేదు. రోమీయులకు వ్రాసిన పత్రిక చివరి అధ్యాయము మాత్రం జ్ఞాపకము చేశాను. మనము చాలాసార్లు చదవకుండా దాటిపోయే అధ్యాయమది. ఇరవైమందికి పైగా పేర్లు తప్ప అందులో ఏముంది అనుకొంటాము. ఆ పేర్లలో కొన్ని ఆ కాలమందు బానిసలకు పెట్టే పేర్లని పండితులు చెప్పుతారు. పెద్ద పట్నములో ఎవరికీ పట్టని మనుష్యులను పౌలు పేరుపేరున పిలిచి వందనములు చెప్పాడు. వాచ్‌మన్ రిజిష్టరు వెనుక పేజీలకు, ఆ అధ్యాయమునకు ఎంత దూరమో మీరే ఆలోచించండి.

అప్పు ఇంకా తీరలేదు. అతడు ఆ ఊరి సంఘమునకు తిరిగి పోలేదు, ఇప్పటికీ అదే గేటు దగ్గర ఉన్నాడు. అతని కుమార్తె నర్సింగు చదువుతోంది. ఆ ఫీజు కొరకు మేము తలా కొంత నెలనెలా వేస్తున్నాము. సాయంత్రము విడిపోయే ముందు ఒక్క తీర్మానము చేసుకొన్నాము. వచ్చే ఏడు పట్నములో కాదు, పల్లెలో కాదు, మధ్యలో జడ్చర్లలో కలుద్దాము. ఇటువారు సగము దూరము రావాలి, అటువారు సగము దూరము పోవాలి.

2025 జనవరిలో అలాగే కలిశాము. తమ్ముడు ఒకరోజు సెలవు పెట్టి, గేటు దగ్గర మరొకరిని కూర్చోబెట్టి, భార్యతో కలిసి ఎనభై కిలోమీటర్లకు పైగా బస్సులో వచ్చాడు. మాకంటే ముందే వచ్చి చౌరస్తాలో నిలబడి ఉన్నాడు. చేతిలో పట్నం మిఠాయి పొట్లము.

అపొస్తలుల కార్యముల చివరి అధ్యాయములో ఇటువంటిదే ఒక సంగతి ఉంది. పౌలును ఖైదీగా రోమాకు తీసికొనిపోతున్నారని విని అక్కడి సహోదరులు పట్నము విడిచి ఎదురు వచ్చారు. కొందరు త్రిసత్రముల దాకా, అంటే సుమారు యాభై కిలోమీటర్లు. కొందరు అప్పీయా సంతపేట దాకా, అంటే అరవై కిలోమీటర్లకు పైన. మన పెబ్బేరు వంటి సంత ఊరనుకోండి. వారు పౌలు సంకెళ్ళు విప్పలేకపోయారు. అయితే వారిని చూచినప్పుడు పౌలు దేవునికి స్తోత్రము చెల్లించి ధైర్యము తెచ్చుకొన్నాడని లూకా వ్రాశాడు. ఓడ బద్దలైనప్పుడు ఇతరులకు ధైర్యము చెప్పిన మనిషికి కూడా, దారిలో ఎదురు వచ్చిన స్నేహితుల వలన ధైర్యము అవసరమైంది. స్నేహము కోసము ప్రయాణము దండుగ అనేవారికి ఇంతకంటె జవాబు నాకు తెలియదు.

ప్రియ చదువరులారా, మీ సంఘము నుండి పట్నము పోయినవారు ఎందరు? ఈ ఆదివారము ఆరాధన అయిన తరువాత కూర్చుని పేర్లు వ్రాసి చూడండి. కూలికి పోయినవారు, చదువుకు పోయినవారు, అప్పులకు తాళలేక చెప్పకుండా పోయినవారు. ఆ కాగితము మీ బైబిలులో పెట్టుకోండి. ఈసారి దవాఖానకో, కోర్టుకో పట్నము పోయినప్పుడు ఒక పూట మిగుల్చుకొని అందులో ఒక్కరినైనా వెదకండి. రెండు జొన్నరొట్టెలు పట్టుకుపోతే చాలు. వారు మీ ఇంటికి రావడానికి సిగ్గుపడుతుండవచ్చు. మీరు వారి ఇంటికి పోవడానికి సిగ్గు లేదు కదా.

పట్నములో స్థిరపడిన సహోదరులకు కూడా ఒక మాట. పండుగకు ఊరికి వచ్చి పోవడమే కాదు, మధ్యలో ఒకసారి దారికి ఎదురు రండి. ఊరిలో ఉన్న మీ స్నేహితుడు ఎవరికీ చెప్పుకోలేని మాట ఒకటి మీకోసము దాచి ఉంచి ఉండవచ్చును.

దూరములోనున్న మనవారినందరినీ ప్రభువు కాపాడును గాక. వారిని వెదకి వెళ్ళుటకు మనకు కాళ్ళలో బలమును, మనస్సులో తీరికను దయచేయును గాక. ఆమేన్.